వెల్లకిలా పడటం నేర్చుకున్న ఏడాది

మొన్న మెడ పట్టేసి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే రాయదుర్గం దగ్గర అద్దాల మేడల మధ్య ఉన్న ఒక దవాఖానకు వెళ్లాను. స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసిన డాక్టరమ్మ మా పెద్దమ్మాయి కంటే ఒకట్రెండేళ్లు పెద్దదేమో, అంతే. "అంకుల్, మీరెప్పుడైనా బిల్డింగ్ మీద నుంచి పడ్డారా?" అని అడిగింది. లేదన్నాను. "బైక్ యాక్సిడెంట్?" అదీ లేదన్నాను. "మరి పూసలు ఇట్లా అరిగాయంటే ఏదో పెద్ద దెబ్బే తగిలుండాలి కదా" అని నా మొహంలోకి అనుమానంగా చూసింది. "పెద్ద దెబ్బ కాదమ్మా, చిన్న చిన్నవే. రోజుకు అరవై, డెబ్బైసార్లు వెల్లకిలా పడేవాణ్ని. ఏడాది పాటు. కావాలనే పడేవాణ్ని" అన్నాను. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి, ఈయనకు మతి సరిగ్గానే ఉందా అన్నట్టు మా ఆవిడకేసి చూసింది. "నిజమే డాక్టర్, నాకు కూడా పెళ్లయిన పదేళ్లకు గానీ చెప్పలేదీ మనిషి" అంది మా ఆవిడ, ఆ కోపం ఇంకా తీరనట్టు.

ఇరవయ్యేళ్లకు పైగా సర్కారు బడిలో డ్రిల్లు సారును నేను. పిల్లల్ని నిటారుగా నిలబడమని అరిచి అరిచి బతికిన మనిషిని. ఇప్పుడు మెడకు తెల్లటి పట్టీ బిగించి, మూడు వారాలు తల పక్కకు తిప్పొద్దన్నారు. ఎదురుగా గోడ, గోడ మీద క్యాలెండరు, అంతే నా లోకం. ఇంట్లోవాళ్లు పాపమని జాలిపడుతున్నారు గానీ నాకిది కొత్తేం కాదు. చిన్నప్పుడు పన్నెండేళ్లు అచ్చంగా ఇట్లాగే బతికాను. ఎదురుగా ఒకటే దారి, పక్కకు చూస్తే తప్పు. కదలకుండా కూర్చుంటే ఏం చేస్తాం, పాతవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ముందు నిలబడ్డాయి.

మాది మాదాపూర్ పాత ఊరు. గుండ్రటి అద్దాల టవర్ కొత్తగా లేచి, దాన్ని చూడటానికి జనం ఆదివారాలు టిఫిన్ డబ్బాలు కట్టుకొని వచ్చే రోజులవి. మా బర్రెలు ఆ టవర్ వెనక బండల్లోనే మేసేవి. నాన్న నాకు ఏడేళ్లప్పుడు పోతే, అమ్మ నన్నూ చెల్లెల్నీ వెంటబెట్టుకొని తన అన్న ఇంటికి చేరింది. ఆయనే మా పెంటయ్య మామ, ఊరందరికీ పెంటయ్య ఉస్తాద్. ఇంటి వెనక పెంకుల కప్పు కింద ఆయన తాలీం ఉండేది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు; మెత్తగా తవ్వి ఉంచిన ఎర్రమన్ను గుంట, ఒక మూల హనుమంతుడి పటం, గోడకు ఆనించిన గదలు, పార, కప్పు నుంచి వేలాడే మోకు. మామ పెళ్లి చేసుకోలేదు. పెళ్లాం వస్తే ఒళ్లు పోతుందని ఆయన నమ్మకం. ఆయన ఒంట్లో మిగిలిపోయిన కుస్తీ అంతా నా ఒంట్లోకి ఎక్కించాలని, నేను ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే నడుముకు లంగోటా కట్టించాడు.

మా ఇల్లు పొద్దున్నే బాదంపప్పు వాసనతో లేచేది. రాత్రి నానబెట్టిన గింజల తొక్కలు తీసి అమ్మ రాతి మీద నూరేది. అందులో సోంపు, మిరియాలు, పటికబెల్లం. అప్పుడే పిండిన బర్రెపాలు మొదటి చెంబు నాది. నెయ్యి నాది. పెరుగు మీద మీగడ నాది. చెల్లెలు లక్ష్మికి నీళ్లపాలు పోసి, ఆ పిల్ల నా చెంబుకేసి చూస్తే అమ్మ కసిరేది. తాగుతున్న ప్రతి గుక్కా గొంతుకు అడ్డం పడేది నాకు, అయినా తాగేవాణ్ని, తాగకపోతే మామ తిట్టేది నన్ను కాదు, అమ్మను. నాలుగింటికి గుంటలో పార పట్టి మన్ను తిరగెయ్యాలి. ఆ మన్నులో ఆవనూనె, పసుపు, మజ్జిగ, కర్పూరం కలిపేవాళ్లు. ఆ పుల్లటి వెచ్చటి వాసన తల స్నానం చేసినా పోయేది కాదు, కాలేజీ బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాడు ముక్కు చిట్లించేవాడు. తర్వాత నేల మీద వంగి లేచే దండాలు అయిదువందలు, గుంజీల్లాంటి బైఠకులు వెయ్యి, మోకు ఎక్కడం, మెడ మీద మనిషిని కూర్చోబెట్టుకొని గుంట చుట్టూ తిరగడం. చాయ్ తాగొద్దు, మిర్చిబజ్జి తినొద్దు, సినిమా చూడొద్దు, ఆడపిల్లల వీధిలోంచి పోవద్దు, పొద్దెక్కేదాకా పడుకోవద్దు. నా ఒళ్లు నాది కాదు. అది మామది, అమ్మది, పాలిచ్చే బర్రెది. ఎన్నిసార్లు గోడ దూకి పారిపోదామనుకున్నానో, దూకితే అమ్మ మొహం ఎట్లా చూడాలో తెలియక అన్నిసార్లూ ఆగిపోయాను.

కుస్తీలో మామ చెప్పే పాఠం ఒకటే. "ఏమన్న గానీ, వీపుకు మన్ను అంటొద్దు బిడ్డా." రెండు భుజాలూ నేలకు ఆనాయా, చిత్ అయిపోయావు, అంతటితో సరి. అందుకని ఎవడైనా గాల్లోకి లేపగానే పిల్లిలాగా తిరగాలి, బోర్లా పడాలి, అది కుదరకపోతే నెత్తినీ మడమల్నీ నేలకు ఆనించి నడుమును విల్లులా వంచి వీపును పైనే నిలబెట్టాలి. దీన్ని మామ చెప్పి నేర్పలేదు, పన్నెండేళ్లు నన్ను పడేసి పడేసి నేర్పాడు. చివరికి నిద్రలో మంచం మీద నుంచి జారినా తిరిగి బోర్లా పడేవాణ్ని. చెల్లెలు ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించేది.

ఇరవై ఏళ్లు వచ్చాయి. పోటీల్లో రెండుసార్లు ఓడాను, నాలుగైదుసార్లు గెలిచాను, అంతకుమించి పైకి పోయే పహిల్వాన్ను కానని నాకూ తెలిసింది, మామకూ తెలిసే ఉంటుంది, ఆయన పైకి అనలేదు. అప్పట్లోనే మా దగ్గర పాలు పోయించుకునే ఓబులేసన్న పరిచయమయ్యాడు. కడప వైపు మనిషి. టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు, కండలు పెంచిన ఒళ్లు, పెద్ద మీసం, చిన్న పిల్లాడి నవ్వు. ఒకరోజు పాలచెంబు పక్కన పెట్టి నా చేతుల్ని చూసి, "ఏం అబ్బీ, ఇంత ఒళ్లు పెట్టుకోని బర్రెలు కడుగుతాండావే! నా యెంబడి రా, టీవీలో కుస్తీ జూస్తాండావు గదా, అట్లాంటిది ఈడ గూడా పెడతాండారు" అన్నాడు. కేబుల్లో వచ్చే ఆ విదేశీ కుస్తీలంటే ఊళ్లో పిల్లలకు పిచ్చి, ఆ పహిల్వాన్ల బొమ్మలున్న కార్డులు పెట్టి ఆడేవాళ్లు. మామకు అవి చూస్తే ఒళ్లు మండేది. అందుకని ఇంట్లో గార్డు ఉద్యోగమని చెప్పాను. "నిలబడే కొలువే గద, ఒళ్లు కరగది, పో" అన్నాడు మామ. కాలేజీ ఎగ్గొట్టి రోజూ గార్డు చొక్కా తొడుక్కొని బయల్దేరేవాణ్ని, సిగ్గు లేకుండా. నిజం చెప్పాలంటే బడి వదిలిన పిల్లాడిలా గాల్లో తేలిపోయాను. చాయ్ తాగాను, బజ్జీలు తిన్నాను, ఇక దొరకనులే అనుకున్నాను.

కూకట్‌పల్లిలో ఖాళీగా పడి ఉన్న ఒక రేకుల షెడ్డు అది. లోపల నాలుగు ఇనుప స్తంభాలు, వాటి మధ్య బల్లలు పరిచి, పైన పలచటి స్పాంజి వేసి, దానిమీద గుడ్డ బిగించిన రింగు. చుట్టూ తాళ్లు. తాళ్లంటే తాళ్లు కావు, రబ్బరు తొడిగిన ఇనుప తీగలు. పరుగెత్తుకొచ్చి వాటికి వీపు ఆనించి వెనక్కి రావాలి; మొదటి వారంలోనే నా చంకల కింద నల్లటి చారలు తేలాయి. నేర్పించేవాడు సత్తిబాబు గారు, భీమవరం వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంటున్నాడు. సినిమాల్లో హీరోల బదులు మేడల మీద నుంచి దూకి దూకి ఒక కాలు పొట్టిదైన మనిషి. మొదటిరోజే నా ఒంటిని పైనుంచి కిందిదాకా చూసి, "బలం చాలా ఉందయ్యా నీకు. కానీ ఇక్కడ బలం తర్వాత. ముందు పడటం నేర్చుకోవాలి" అన్నాడు. నవ్వొచ్చింది. పడటం కూడా ఒక విద్యా అనుకున్నాను. బుద్ధిలేక!

గడ్డం గుండెకు ఆనించాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. ఊపిరి వదిలెయ్యాలి, లోపల పట్టి ఉంచితే పక్కటెముకలు పోతాయి. రెండు చేతులూ బార్లా చాపి, వీపు మొత్తం ఒక్కసారే పలకలా నేలను తాకాలి. మోచెయ్యి ముందు తాకినా, నడుము ముందు తాకినా అక్కడ విరుగుతుంది. ఎత్తేవాడి బలంతో అయిపోయేది కాదు, ఎత్తబడేవాడు కూడా సరైన క్షణంలో ఎగరాలి, పైన ఒళ్లు బిగించి నిలవాలి, వాణ్ని నమ్మి వదిలెయ్యాలి. ఇదంతా చేస్తూనే మొహంలో కోపం, నొప్పి, కేకలు. పది నిమిషాలకే నా గుండె నోట్లోకి వచ్చేది, వెయ్యి బైఠకులు తీసిన కాళ్లు వణికేవి. ఉత్తుత్తి కుస్తీ అని జనం తేలిగ్గా అనేస్తారు. ఒక్కసారి ఆ బల్లల మీద వీపు వేసి చూడమనండి, తెలుస్తుంది.

అన్నీ వచ్చాయి నాకు, అదొక్కటే రాలేదు. నేల మీద కూర్చొని వెనక్కి పడమంటే పడ్డాను. నిలబడి పడమంటే కూడా పడ్డాను. ఎవరైనా గాల్లోకి లేపితే మాత్రం నా ప్రమేయం లేకుండానే ఒళ్లు తిరిగిపోయేది. వద్దు వద్దని నేను లోపల మొత్తుకుంటూనే ఉండేవాణ్ని, భుజం దారి భుజానిదే. సత్తిబాబు గారు నెత్తి కొట్టుకునేవాడు. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా బాబూ! నువ్వు పడట్లేదు, పారిపోతున్నావు!" ఎంత సరిగ్గా చెప్పాడో ఆయనకు తెలియదు. మామ నుంచి తప్పించుకున్నాననుకొని ఇరవై కిలోమీటర్లు రానూపోనూ తిరుగుతున్నాను గానీ, మామ నా ఎముకల్లోనే కూర్చొని ఉన్నాడు. షెడ్డు రేకుల కింద ఆ ఉక్కలో, చెమటతో తడిసిన ఆ గుడ్డ మీద, ఇంటికంటే గట్టిగా చిక్కుకుపోయాను. ఇంటి దగ్గర కనీసం ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవచ్చు. ఇక్కడ నా భుజం మీద నేనే ఏం కోపం తెచ్చుకోను?

ఒకరోజు ఓబులేసన్న నన్ను తలమీదికి ఎత్తి పడెయ్యాలి. ఎత్తాడు. నేను తిరిగాను. నా మోకాలు పోయి ఆయన కుడి పక్కలో దిగింది. ఆయన నోట్లోంచి కేక కూడా రాలేదు, గాలి మాత్రం వచ్చింది. అంత మనిషీ తాళ్లు పట్టుకొని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఎక్స్‌రే తీయిస్తే పక్కటెముక చిట్లిందన్నారు. సత్తిబాబు గారికి చెబుదామంటే ఓబులేసన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "చెప్పొద్దబ్బీ. చెప్తే నన్ను పక్కన పెడతాడు. నాకు ఇదొక్కటే ఉండాది, గార్డు పనిలో పొద్దస్తమానం గేటు పట్టుకోని నిలబడితే నేను మనిషినో, గేటునో నాకే తెలీకుండా పోతాండాది. ఈడికొస్తేనే నేనొకణ్ని ఉండానని తెలుస్తాది. నొప్పి ల్యా, కట్టు కట్టుకుంటే సరిపోతాది." తప్పు నాది, నొప్పి ఆయనది. నేను మానేస్తానన్నాను. "నువ్వు మానేస్తే నాకు జోడీగా ఎవర్ని పెడతారు? ఈడ ఉండే బక్కోళ్లనా? ఒక్కపని చెయ్యి. పడు. అంతే" అన్నాడు. ఆ రోజు నుంచి రోజుకు అరవై, డెబ్బై. పక్కనున్న పలచటి కుర్రాళ్లతో బల్ల మీద నుంచి తోయించుకొని పడేవాణ్ని. ఇంటికెళ్లి వీపు కనబడకుండా చొక్కా విప్పకుండానే తిరిగేవాణ్ని, చెమట బాగా పట్టాలని చెప్పి తాలీంలో కూడా బనియనుతోనే దిగేవాణ్ని. నెలలు గడిచేసరికి పదిసార్లు లేపితే తొమ్మిదిసార్లు వెల్లకిలా పడేవాణ్ని. పదోసారి ఒళ్లు ఏం చేస్తుందో నాకే తెలియదు.

అట్లాంటప్పుడు మా మొదటి పెద్ద ఆట కుదిరింది. ఎక్కడో కాదు, మాదాపూర్లోనే, టవర్‌కు ఎదురుగా ఉన్న ఖాళీ మైదానంలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షికోత్సవంలో. కథ కూడా వాళ్లే అడిగి రాయించుకున్నారట. మన్ను పూసుకున్న పాతకాలం పహిల్వాన్ ఒకడు, వెండిరంగు సూటు వేసుకున్న కంప్యూటర్ మనిషి ఒకడు. కంప్యూటర్ మనిషి పహిల్వాన్ను ఎత్తి పడెయ్యాలి, మూడంకెలు లెక్కపెట్టాలి, చప్పట్లు. కంప్యూటర్ మనిషి ఓబులేసన్న. పహిల్వాన్ ఎవరో వేరే చెప్పాలా! కరపత్రాల మీద లంగోటాతో నా ఫొటో వేశారు. అది ఊళ్లోకి రాకుండా ఉంటుందా? మూడోరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామ అరుగు మీద కూర్చొని, ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి సాపు చేస్తున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంరా, గింత పెద్ద ముచ్చట నాకు చెప్పకుండ దాస్తవా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. మామ నవ్వుతున్నాడు! "టవర్ల సార్లు మన తాలీం పోరణ్ని కుస్తీకి పిలిచిండ్రంటే మామూలు ముచ్చటనా? గీ వెండి అంగీ వేసుకున్నోడు ఎవడురా? గా అంగీకి చెయ్యి జారుతది, భుజం పట్టకు, నడుము కింద పట్టు." పోటీ అనుకున్నాడు ఆయన. నిజం కుస్తీ అనుకున్నాడు. అమ్మ కూడా వచ్చి నిలబడింది, లక్ష్మి నిలబడింది, అందరి మొహాలూ వెలుగుతున్నాయి. అప్పుడు చెప్పాల్సింది. మామా, అది ఆట, నేను ఓడిపోవాలని రాసి ఉంది అని నోరు తెరిచి ఒక్కమాట చెప్పాల్సింది. చెప్పలేదు. "సరే మామా" అన్నాను, తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్లిపోయాను. నా బతుకులో నన్ను నేను బాగా అసహ్యించుకున్న సాయంత్రాల్లో అది ఒకటి.

ఆట రోజున ఎండ ఇంకా తగ్గలేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో మెడలో కార్డులు వేసుకున్న ఆడామగా, ఆ వెనక మా ఊరి జనం. సత్తిబాబు గారు చారల చొక్కా తొడుక్కొని రెఫరీ వేషంలో ఉన్నాడు. వీపునిండా వేషం మన్ను పూసుకొని నేను రింగు పక్కన నిలబడి ఉండగా మామ వచ్చాడు, తలకు రుమాలు చుట్టి, వెనకే తాలీం వాళ్లు పదిమంది, చేతిలో గుడ్డమూట. మూటలో మా గుంటలోని మన్ను. గుప్పెడు తీసి నా నుదుటికీ భుజాలకూ పూశాడు. "ఫికర్ చెయ్యకు. వీపొక్కటి చూసుకో" అన్నాడు. కుర్చీల్లో వాళ్లు ఇదీ ఆటలో భాగమే అనుకొని చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకొని తాళ్లలోంచి లోపలికి దూరాను.

ఆరు నిమిషాలు బాగానే నడిచింది. ఓబులేసన్న విశ్రాంతి లేక ఇంకా మానని పక్కటెముకకు సూటు లోపల కట్టు కట్టుకున్నాడు, వెండిరంగు టోపీలోంచి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, నేను దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఎత్తే సమయం వచ్చింది. నా నడుము చుట్టూ చేతులు వేసి, "నీదే భారమబ్బీ" అన్నాడు చెవిలో. ఎగిరాను. ఆయన తలపైకి లేచాను. అక్కడ పైన, ఒక్క క్షణం, మా ఊరంతా కనిపించింది, మామ లేచి నిలబడి ఉండటం కనిపించింది. ఎడమ భుజం కదలబోయింది. కదిలితే మళ్లీ ఆ పక్కటెముకలోకే నా మోకాలు. గడ్డం గుండెకు అదిమాను, ఊపిరి వదిలాను, చేతులు చాపాను. బల్లలు పిడుగుపడ్డట్టు మోగాయి. ఆకాశం కనిపించింది. వీపు మొత్తం, రెండు భుజాలతో సహా, ఒక్కసారే తాకింది. ఏడాదిలో అంత చక్కగా నేనెప్పుడూ పడలేదు. సత్తిబాబు గారు నేల చరుస్తూ ఒకటి, రెండు, మూడు అన్నాడు.

"తాకలే!" అన్న అరుపు వినబడింది. మామ వస్తున్నాడు. రింగు దగ్గర చెప్పులు విడిచాడు, అంచును చేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు, తాళ్ల మధ్యలోంచి పైకెక్కాడు. "కుడి భుజం తాకలే! నేను చూసిన! ఏలెడు సందు ఉండె! ఏం లెక్కవెడుతున్నవయ్యా నువ్వు?" అని సత్తిబాబు గారి మీదికి పోయాడు. కుర్చీలన్నీ ఒక్కసారిగా పగలబడి నవ్వాయి. మామను వేషగాడనుకున్నారు. ఈలలు, కేకలు, "వన్స్ మోర్! వన్స్ మోర్!" మా ఊరివాళ్లు మాత్రం నవ్వడం లేదు. స్టేజీ మీద నుంచి కంపెనీ మనిషి ఇంకోసారి కానివ్వమని చెయ్యి తిప్పుతున్నాడు. సత్తిబాబు గారికి ఏం చెయ్యాలో తోచక "ఉండండి పెద్దాయనా, ఉండండి" అంటున్నాడు. తాళ్లకు ఆనుకున్న ఓబులేసన్న నాకు మాత్రం వినబడేట్టు, "ఇంగోతూరి ఎత్తల్యానబ్బీ, సచ్చిపోతా" అన్నాడు.

మామ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మా తాలీంలో రెఫరీ ఉండడు. అనుమానం వస్తే కింద పడ్డవాణ్నే అడుగుతారు. వాడి వీపు సంగతి వాడికంటే ఎవరికి తెలుస్తుంది? వాడు ఏది చెబితే అదే ఖాయం. "నువ్వు చెప్పురా. తాకిందా?" అన్నాడు మామ. తాకలేదని నేను అంటే చాలు. ఊరి ముందు ఆయన పరువు నిలుస్తుంది, జనం ఇంకోసారి అడుగుతారు, ఓబులేసన్న ఎత్తాల్సి వస్తుంది. మామ కళ్లలోకి చూశాను. ఆ మనిషి నన్ను అడగడం లేదు, బతిమాలుతున్నాడు. నా చిన్నతనమంతా మింగేసిన మనిషి, నా ముందు గొంతుక్కూర్చొని బతిమాలుతున్నాడు. "తాకింది మామా" అన్నాను. "రెండూ తాకినయి." ఆయన తల ఊపి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, తాళ్లలోంచి దిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. వెనక చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇప్పుడు ఆ తాలీం ఉన్నచోట ఒక అయిదంతస్తుల భవనం, కింద కార్లు పెట్టుకునే సెల్లారు. ఎదురుగా రోడ్డు పక్క అద్దాల జిమ్ము. దారిన పోతూ చూస్తే పిల్లలు పరుగెత్తే యంత్రాల మీద ఉన్నచోటే పరుగెత్తుతుంటారు, చెవుల్లో పాటలు పెట్టుకొని. వాళ్లను చూస్తే నాకు అసూయే. ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగిపోవచ్చు, ఎవరూ అడగరు. మా రోజులు గొప్పవని చెప్పే ముసలివాళ్లతో నాకు పేచీ. గొప్పేమీ లేదు, ఊపిరాడేది కాదు. కానీ ఆ పిల్లల్లో ఒకడు యంత్రం దిగితే ఒంటరిగా బ్యాగు తీసుకొని వెళ్లిపోతాడు; వాడి ఒళ్లు ఎట్లా ఉందో వేలితో నొక్కి చెప్పగలిగేవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అనుమానం వస్తుంది. మొన్న డాక్టరమ్మ ఫిల్ము చూసింది గానీ నా మెడ మీద చెయ్యి వెయ్యలేదు. మామ అయితే చేత్తోనే చెప్పేవాడు.

ఆట జరిగిన ఆ సాయంత్రం ఇంటికి ఎట్లా వెళ్లానో నాకే తెలియదు. అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. లక్ష్మి తలుపు చాటుకు పోయింది. మామ తాలీంలో కూర్చొని గిన్నెలో నూనె వేడి చేస్తున్నాడు. "అంగీ విప్పు. బోర్ల పండు" అన్నాడు. విప్పాను. ఏడాదిగా దాచిన వీపు ఆయన ముందు పరిచాను. కొత్తవీ పాతవీ కమిలిన మచ్చలన్నీ చూసే ఉంటాడు. తర్వాత నూనె పడింది. "ఆటనేనంట గద. గా చారల అంగీ సారు నా ఎనకాల్నే ఉరికొచ్చి చెప్పిండు. ముందుగాల్నే అనుకున్నరంట."

"అవు మామా."

"ఆటనే అయితే తాకలే అంటే నీదేం పోతుండె? ఊరంత చూస్తుండె."

చెప్పాను. మోకాలు, పక్కటెముక, కట్టు, మళ్లీ ఎత్తమంటే ఆ మనిషి ఏమైపోయేవాడో, అన్నీ. గార్డు చొక్కా అబద్ధం కూడా చెప్పాను. మామ బొటనవేళ్లు వెన్నుపూసల వెంట ఒక్కొక్కటే దిగుతూ వచ్చాయి. చివరి పూస దాకా వచ్చాక, "మంచిగ పడ్డవ్ బిడ్డా" అన్నాడు. పన్నెండేళ్లలో ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. ఎడమ భుజం కింద ఒకచోట వేళ్లు ఆగాయి. అక్కడ నొక్కి చూశాడు, మళ్లీ నొక్కి చూశాడు. "గీడ ఉండె నీ తిరుగుడు. ఎవడన్న లేపితే ముందుగాల గీ నరమే లేస్తుండె. ఇయ్యాల లేవబోయి ఆగింది, నేను చూసిన. ఇగ లేవది. పడుడు నేర్చిన ఒళ్లు మన్నుల నిలవది. రేపటికెల్లి తాలీంకు రాకు." కోపంగా అనలేదు. బర్రె వట్టిపోయిందని అమ్మతో చెప్పినట్టు చెప్పాడు. నూనెచేతులు తుడుచుకొని, గిన్నె తీసుకొని వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లు నేను ఎదురుచూసిన మాట అది. ఇక పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, లక్ష్మికి నా చెంబు ఇచ్చెయ్యవచ్చు, ఎటు కావాలంటే అటు పోవచ్చు, అడిగేవాడు లేడు. అమ్మ వచ్చి అన్నానికి లేవమని రెండుసార్లు పిలిచింది. నేను లేవకుండా, ఎడమ భుజం కింద ఆయన వేళ్లు ఆగిన చోటును చేత్తో వెతుక్కుంటూ అట్లాగే బోర్లా పడి ఉన్నాను.